ఇంత పెద్ద స్టేషన్లో రైటరు యాడుండాడు?

ప్రశ్న

కర్నూలు ఎన్.ఆర్.పేటలో మా ఇంట్లో నెలకో ఆదివారం ఆరుగురం కలుస్తాం. రెండేళ్ళుగా పోలీసు నవలలే చదువుతున్నాం. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. మిగిలినవాళ్ళలో మందుల షాపాయన, బ్యాంకులో చేసి దిగిపోయినాయన, స్కూలు టీచరమ్మ, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకునే కుర్రాడు, రిటైరైన ఏఎస్సై ఒకాయన. ఎప్పుడూ ఒకటే గొడవ. కేసు పట్టే ఆఫీసరు మనసుకు పట్టకపోతే నవల ఎందుకు చదవాలి అంటారు మందుల షాపాయన. ఆయనకు ఒంటరివాడు, తాగేవాడు, పై అధికారికి ఎదురుతిరిగేవాడు కావాలి. నాకేమో స్టేషను మొత్తం కనిపించాలి. కుర్రాడికి రిపోర్టులు, కాగితాలు వచ్చిన పేజీలంటే విసుగు.

రెండు నెలల కిందట ఒక నవల అయ్యాక ఏఎస్సై గారు, "అంతా బాగుంది గానీ, ఇంత పెద్ద స్టేషన్లో రైటరు యాడుండాడు?" అన్నారు. "రైటర్ పేరు అట్టమీదే ఉంది కద సార్" అన్నాడు కుర్రాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆయన ఏదో చెప్పబోతుంటే కుర్రాడే మళ్ళీ, "మీవాళ్ళకి ఇంత ఇన్వెస్టిగేషన్ ఎందుకు సార్, నాలుగు తగిలిస్తే వాడే ఒప్పుకుంటాడు" అన్నాడు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే ఒంట్లో బాగలేదంటారు.

పోలీసు నవలకు హీరో ఎవరు? మన సీమ నుంచి అలాంటి నవలలు ఎందుకు రావు? ఆయన్ని ఎట్లా పిలుచుకోవాలి?

సమాధానం

అమ్మా,

ఆయన నవల రాసిన మనిషి గురించి అడగలేదు. స్టేషన్ రైటర్ గురించి అడిగారు. మీ ఉత్తరంలో ఆ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. పుస్తకం గురించి మీ ఆరుగురిలో ఇంకెవరూ అడగని మంచి ప్రశ్న ఆయన అడిగారు. దానికే మీరంతా నవ్వారు.

నేను ఇరవై తొమ్మిదేళ్ళు కోర్టుల్లో గుమాస్తాగా చేశాను. ఆదోని, డోన్, నంద్యాల, చివరికి కర్నూలు. పోలీసును స్టేషన్లో చూసింది తక్కువ, కాగితం మీద చూసింది ఎక్కువ. ప్రతి స్టేషన్లో ఒక టేబుల్ వెనక ఒక కానిస్టేబులో హెడ్డో కూర్చుని ఉంటాడు. ఫిర్యాదు తెచ్చినవాడు ముందు ఆయన ముందే నిలబడాలి. ఎఫ్ఐఆర్ ఆయన చేతిలోంచే వస్తుంది. జనరల్ డైరీ ఆయన దగ్గరే ఉంటుంది. ఎవరు ఎన్ని గంటలకు ఏ పని మీద బయటికి పోయారో, ఎన్నింటికి వచ్చారో అందులో ఎక్కాలి. సాక్షుల వాంగ్మూలాలు, రిమాండు రిపోర్టు, చివరకు చార్జిషీటు... సంతకం ఎస్సైదో సీఐదో కావచ్చు, వాక్యం మాత్రం చాలాసార్లు రైటరుదే. కంప్యూటర్లు రాకముందు రోజుల్లో కాగితం తల చూడకుండానే, చేతిరాతను బట్టి ఇది ఏ స్టేషనుదో చెప్పేసేవాళ్ళం మేం. ఒకాయన 'ముద్దాయి' అనే మాటలో 'ద్దా'ను ఎంత శ్రద్ధగా చుట్టేవాడంటే, ఆ కట్ట విప్పగానే మా బంట్రోతు ఆయన పేరు చెప్పేవాడు.

ఆ రాత ఎంత పని చేస్తుందో ఒక కేసు చెబుతాను. ఊరి పేరు, స్టేషను పేరు వద్దు.

రాత్రి ఎనిమిదింటికి పొలం గట్టు మీద మనిషిని నరికారు. ఊరికీ స్టేషనుకీ మధ్య దూరం పద్దెనిమిది కిలోమీటర్లు. ఎఫ్ఐఆర్‌లో టైము 21.30 అని ఉంది. అందులో '1' మీద దిద్దుబాటు. ముందు ఏముందో, దాన్ని '1'గా ఎందుకు మార్చారో కాగితం చెప్పదు. హత్యలాంటి పెద్ద నేరమైతే ఎఫ్ఐఆర్ నకలు అప్పటికప్పుడు మెజిస్ట్రేటుకు చేరాలి. ఎక్స్‌ప్రెస్ ఎఫ్ఐఆర్ అంటాం. కానిస్టేబులు అర్ధరాత్రయినా మెజిస్ట్రేటు ఇంటి తలుపు కొడతాడు, ఆయన లేచి, అందిన టైము వేసి సంతకం చేస్తాడు. ఈ కేసులో ఆ టైము తెల్లవారి 6.10. తొమ్మిదిన్నరకు కేసు కడితే తెల్లారిందాకా ఆ కాగితం ఎక్కడుంది? డిఫెన్సు లాయరు సగం రోజు ఆ రెండు టైముల మీదే నిలబడ్డాడు. ఆ ఖాళీలో కూర్చుని పేర్లు ఆలోచించుకుని రాశారన్నది ఆయన వాదన. బోనెక్కిన రైటరు మంచినీళ్ళు రెండుసార్లు అడిగాడు. ఆ రాత్రి స్టేషన్లో ఉన్న ఒక్క బండీ బందోబస్తుకు పోయిందని, తెల్లవారుజామున బస్సెక్కించి కానిస్టేబుల్ని పంపానని చెప్పాడు. అది నిజమేనని నాకిప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆ మాట జనరల్ డైరీలో ఎక్కలేదు. ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు అప్పటికే అడ్డం తిరిగారు. కేసు కొట్టేశారు. చనిపోయినతని తల్లి కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద సాయంత్రం దాకా కూర్చుంది. ఎవరో వచ్చి, "ఇంగ పోదాం పామ్మా" అంటే లేచింది.

ఏఎస్సై గారు అడిగిన ప్రశ్న వెనక ఇలాంటి రాత్రులు ఉండి ఉంటాయి. అందుకే ఆయన నొచ్చుకున్నారని నా నమ్మకం. కొట్టడం గురించిన మాట తర్వాత వచ్చింది. ముందు తగిలింది నవ్వే.

ఇప్పుడు హీరో సంగతి. మీకూ మందుల షాపాయనకూ నడుస్తున్న తగాదా 1956 నాటిది. ఆ ఏడాది అమెరికాలో ఎడ్ మెక్‌బెయిన్ అనే రచయిత 87వ ప్రిసింక్ట్ నవలలు మొదలుపెట్టాడు. ఒక ఊహా నగరం, అందులో ఒక స్టేషను, ఆ స్టేషన్లో డిటెక్టివుల గది. ఆ గది మొత్తమే హీరో అన్నది ఆయన ఆలోచన. ఒకరు సెలవులో పోతే ఇంకొకరు కేసు చూస్తారు, ఒకరు చచ్చిపోతే ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారు. ఆ మాటకు కట్టుబడి, మొదటి నవలలో కేసు పట్టిన స్టీవ్ కరెల్లా అనే డిటెక్టివుకు పెళ్ళి చేసి, రెండో నవలలో హనీమూన్‌కు పంపేశాడు. మూడో నవల చివర్లో చంపేద్దామనుకున్నాడు. ప్రచురణకర్త వైపు వాళ్ళు ఒప్పుకోలేదు. కరెల్లా నీ హీరో, అతన్ని చంపకూడదు అన్నారు. కరెల్లా బతికాడు. 2005 దాకా, యాభైకి పైగా నవలల్లో బతికాడు.

అంటే, మీరు రచయిత పక్షం, మందుల షాపాయన ప్రచురణకర్త పక్షం. ఆ నవలలు అన్నాళ్ళు నిలబడింది ఇద్దరి మాటా చెల్లింది కాబట్టే. కరెల్లా లేకపోతే మనకు ఆ గదిలోకి పోవాలనిపించదు. పోయాక మాత్రం కరెల్లా ఒక్కడే కనిపిస్తే అది స్టేషను కాదు. మామూలు ప్రైవేటు డిటెక్టివు కథ, ఖాకీ చొక్కా తొడిగారంతే.

మా తరం వాళ్ళకు ఈ తేడా ఆలస్యంగా తెలిసింది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను చదువుకుని పెరిగినవాళ్ళం మేం. అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని కట్టి, తెల్లారేలోపు చదివి, ఇంట్లో ఇంకొకరికిచ్చేవాళ్ళం. వన్‌టౌన్‌లో మా ఇంట్లో ఒక అలమార నిండా దాచుకున్నాను. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్ళోకి వచ్చినప్పుడు అవన్నీ ఒకే ముద్దయిపోయాయి. పేజీ నుంచి పేజీ విడదీయడానికి రాలేదు. ఆ బాధ ఇంకా పోలేదు, అందుకే రాస్తున్నాను. యుగంధర్‌కు తెలివి ఉంది, అసిస్టెంటు రాజు ఉన్నాడు, కారు ఉంది. పైనుంచి మెమో రాదు, బదిలీ లేదు, రేపు పొద్దున కోర్టులో వాయిదా లేదు. ఆ స్వేచ్ఛ కోసమే చదివాం, అందులో తప్పేమీ లేదు. పోలీసు నవల ఆ స్వేచ్ఛ లేనివాడి కథ. లేనితనంలోంచి దాని రుచి పుడుతుంది.

మందుల షాపాయన అడిగే తాగుబోతు ఒంటరి డిటెక్టివు గురించి నా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాను. పదిమంది రచయితలు పదిసార్లు అదే మనిషిని తెచ్చారు. విడాకులు, సీసా, మాట్లాడని కూతురు, అరిచే బాసు. ఆ నాలుగూ పెడితే మనిషి లోతుగా ఉంటాడనుకోవడం రచయిత బద్ధకం. కానీ ఇయాన్ రాంకిన్ రాసిన ఇన్‌స్పెక్టర్ రీబస్‌ను ఆ గుంపులో కలపలేను. 1987లో ఎడింబరోలో మొదలైన రీబస్ నవల నవలకూ నిజంగా వయసు మీరుతూ వచ్చాడు. 2007కల్లా రిటైర్‌మెంటు వచ్చేసింది. ఊళ్ళో ఉన్న చెడుకంతటికీ తనే కాపలా అనుకున్న మనిషి ఐడీ కార్డు తిరిగి ఇచ్చేయాల్సిన రోజు అది. 2012లో మళ్ళీ కనిపించేటప్పటికి అతనికి ఉద్యోగం లేదు, పాత కేసుల విభాగంలో మామూలు పౌరుడిగా ఫైళ్ళు తిప్పుతూ ఉంటాడు. మీ ఏఎస్సై గారికి అది చదివి ఎలా ఉంటుందో నాకు వినాలని ఉంది. రీబస్ తాగుడు కన్నా, అతను ఆ కార్డు లేకుండా పొద్దున లేచి ఏం చేయాలో తెలియక నిలబడటం నాకు పెద్ద విషయం.

హెన్నింగ్ మాంకెల్ రాసిన వాలండర్‌ను మందుల షాపాయనకు ఇవ్వండి. 1991లో మొదలైన స్వీడన్ నవలలు. చిన్న ఊరు, సముద్రం పక్కన. వాలండర్‌కు నిద్ర సరిగ్గా లేదు, తిండి వేళకు లేదు, కొన్ని నవలలు గడిచాక షుగరు బయటపడుతుంది. రోజూ కౌంటరు ముందు అలాంటివాళ్ళు చీటీ పట్టుకుని నిలబడే మనిషికి, ఆ షుగరు ఎందుకొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

నా మనసుకు దగ్గరైనవాళ్ళు ఇద్దరే. ఒకరు సిమెనాన్ గారి పారిస్ పోలీసు అధికారి మెగ్రే. 1931 నుంచి వచ్చిన నవలలు. భార్య వండిన అన్నం తినేవాడు, ఇంటికి పోయేవాడు, పైపు ముట్టించుకుని హతుడి వీధిలో గంటలు గంటలు నిలబడేవాడు. మెగ్రే మనిషిని ఒప్పించే రాత్రుళ్ళు ఉంటాయి, ఎదురుగా ఉన్న హోటలు నుంచి బీరు, బ్రెడ్డు తెప్పించుకుని తెల్లవార్లూ కూర్చోవడం. రెండోవాడు మార్టిన్ బెక్. మాయ్ షోవాల్, పేర్ వాలో అనే స్వీడన్ జంట 1965 నుంచి 1975 దాకా సరిగ్గా పది నవలలు రాసి ఆపేసింది. వాళ్ళు ఆ పదింటినీ కలిపి 'ఒక నేరం కథ' అన్నారు. ఆ నేరం ఏ ఒక్క హంతకుడిదీ కాదు, తమ సమాజానిదని వాళ్ళ అభియోగం. పోలీసు శాఖను వాళ్ళు వెనకేసుకు రాలేదు. బెక్ మాత్రం జలుబుతో, కడుపునొప్పితో, చల్లబడిన కాపురంతో పనికి పోతూనే ఉంటాడు.

ఇక మీ కుర్రాడన్న మాట. దాన్ని మీరు కొట్టిపారేయవద్దు, ఏఎస్సై గారిని మాత్రం దానికి బాధ్యుణ్ణి చేయవద్దు. కస్టడీలో దెబ్బలు ఈ దేశంలో ఉన్నాయి కనకే 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టుకు నియమాలు పెట్టింది. అరెస్టు మెమో, దాని మీద సాక్షి సంతకం, బంధువులకు కబురు, వైద్య పరీక్ష. 2020లో స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టమంది. ఏ బాధా లేకపోతే అంత పెద్ద కోర్టు ఇన్ని చెప్పదు. అయితే కుర్రాడికి తెలియని సంగతి ఇంకొకటుంది. నాలుగు తగిలిస్తే వాడు ఒప్పుకున్నా, ఆ ఒప్పుకోలు మన కోర్టులో చెల్లదు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం ముద్దాయి మీద రుజువుగా పనికిరాదని 1872 నాటి సాక్ష్య చట్టంలోనే 25వ సెక్షను. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, అందులో 23వ సెక్షనుగా అదే మాట ఉంది. తెల్లదొరలకు కూడా ఆనాటి పోలీసు ఒప్పుకోలు మీద నమ్మకం లేదు.

ఇది నవలల విషయంలో ఎంత పెద్ద తేడానో చూడండి. పై దేశాల పోలీసు నవల చాలావరకు ఒక గదిలో ముగుస్తుంది. టేబులు, రెండు కుర్చీలు, టేపు రికార్డరు. డిటెక్టివు ఒక్కొక్క అబద్ధాన్నీ ఒలుచుకుంటూ పోతే చివరికి ఎదుటివాడు తలవంచి చెబుతాడు. అక్కడ పుస్తకం మూయొచ్చు. మన నవల ఆ గదిలో ముగియదు. మనకు అక్కడి నుంచే మొదలు. "కత్తి ఫలానా బావి గట్టున రాళ్ళ కింద పెట్టినా" అని ముద్దాయి చెప్పి, తీసుకుపోయి చూపిస్తే, అప్పుడు ఆ మాటలో ఆ కత్తి దొరకడానికి దారితీసిన ముక్క వరకే కోర్టులోకి వస్తుంది. అది కూడా పక్కన ఇద్దరు మధ్యవర్తులు ఉండి, పంచనామా రాసి, సంతకాలు చేస్తేనే నిలబడుతుంది. ఆ మధ్యవర్తి ఎవరు? చాలాసార్లు ఊరి వీఆర్వో. పంటల లెక్కలు రాసుకుంటున్న మనిషిని రమ్మని జీపెక్కిస్తారు. మూడు నాలుగేళ్ళ తర్వాత కోర్టుకు పిలిచి, ఆ రోజు కత్తి పిడి ఏ రంగు అని అడుగుతారు. ఈమధ్య సోదాలను, స్వాధీనాలను ఫోనులో వీడియో తీయాలని కొత్త చట్టం చెబుతోంది. అయినా బోనెక్కేది వీఆర్వోనే. అదే ఊళ్ళో ముద్దాయి బంధువుల మధ్య ఉద్యోగం చేసేదీ ఆయనే.

సాక్షి వాంగ్మూలం కూడా అంతే. పోలీసులు రాసుకున్న దాని కింద సాక్షి సంతకం పెట్టించకూడదు. చట్టమే వద్దంది. అందుకని కోర్టులో "నేనట్ల చెప్పల్యా" అంటే, "చెప్పావు" అని చూపించడానికి అతని సంతకం ఉండదు. రాసిన రైటరూ, రాయించిన సీఐ మాత్రమే ఉంటారు. కుర్రాడికి విసుగనిపించే కాగితం ఇదే. దీని మీద మనుషుల బతుకులు వేలాడతాయి. మంచి నవలా రచయిత చేతిలో పడితే ఆ సంతకం లేని కాగితం కన్నా ఉత్కంఠ ఏముంటుంది?

అతనికి మాటల్లో చెబితే వినకపోవచ్చు. సెయిచో మత్సుమొతో అనే జపాన్ రచయిత 1958లో వేసిన 'టెన్ టు సెన్' ఇంగ్లీషులో దొరుకుతుంది, అది ఇవ్వండి. సముద్రపు ఒడ్డున ఒక మగ, ఒక ఆడ శవాలు. ప్రేమికుల ఆత్మహత్య అని అందరూ సరిపెట్టుకుంటారు. అక్కడి లోకల్ స్టేషన్లో వయసు మళ్ళిన ఒక డిటెక్టివు, పెద్ద తెలివిగలవాడని పేరేమీ లేదు, చనిపోయినతని జేబులో రైలు భోజనం బిల్లు చూస్తాడు. ఒక్కరికే భోజనం. ప్రియురాలితో కలిసి చావడానికి పోయేవాడు ఒంటరిగా తింటాడా? అక్కడి నుంచి కథంతా రైల్వే టైంటేబుల్ మీద నడుస్తుంది. టోక్యో స్టేషన్లో ఒక ప్లాట్‌ఫారం మీద నుంచి ఇంకొక ప్లాట్‌ఫారం, మధ్యలో రైళ్ళు అడ్డం లేకుండా, నాలుగు నిమిషాలు మాత్రమే కనిపిస్తుంది. ఆ నాలుగు నిమిషాల మీద ఒక నవల. కాగితం విసుగనే మనిషి దాన్ని మధ్యలో వదిలితే నాకు చెప్పండి. గుంతకల్లు జంక్షన్లో రైలు మారడానికి రాత్రిళ్ళు కూర్చున్న ప్రతిసారీ నాకు ఆ నవలే గుర్తొస్తుంది. నాలుగు దిక్కుల నుంచీ రైళ్ళు వచ్చే చోటు మనకూ ఉంది, మనవాళ్ళు ఎవరూ దాన్ని వాడుకోలేదే అనిపిస్తుంది.

మీ రెండో ప్రశ్నకు అలా వచ్చాను. సీమ అనగానే బయటివాళ్ళకు సుమోలు, వేటకొడవళ్ళు, తెల్లచొక్కాలు. సినిమా ఆ బొమ్మను ఎన్నిసార్లు చూపించిందంటే, మన పిల్లలు కూడా కర్నూలు మీద కథ రాయమంటే అక్కడే మొదలుపెడతారు. ఆ బొమ్మలో పోలీసుకు రెండే వేషాలు. అమ్ముడుపోయినవాడు, లేదా ఒక్కడే వందమందిని కొట్టేవాడు. మన కథకులు కరువు మీద, కక్షల మీద, వాటి వెనక మిగిలిపోయిన ఆడవాళ్ళ మీద గొప్పగా రాశారు. స్టేషను లోపలికి మాత్రం ఎక్కువమంది పోలేదు. అందుకు వాళ్ళను తప్పుపట్టను. మామూలు మనిషి స్టేషను గడప తొక్కేది గతిలేకే, తొక్కినవాడు త్వరగా బయటపడాలని చూస్తాడు. అక్కడ కూర్చుని టేబుళ్ళు లెక్కపెట్టడు. లాస్ ఏంజెలెస్‌లో జోసెఫ్ వాంబో పోలీసు ఉద్యోగం చేస్తూనే తన మొదటి నవలలు రాశాడు. మైఖేల్ కానెలీ క్రైం రిపోర్టరుగా ఏళ్ళు తిరిగాకే డిటెక్టివు హారీ బాష్‌ను రాశాడు. లోపలివాళ్ళో, లోపలికి రోజూ పోయేవాళ్ళో రాయాలి. కర్నూలు చూడకుండా కూడా రాయొచ్చని ఎవరైనా అంటే ఒక ఉదాహరణ ఉంది, కీటింగ్ అనే ఇంగ్లీషు రచయిత ఇండియాలో అడుగు పెట్టకుండానే 1964లో బొంబాయి ఇన్‌స్పెక్టర్ ఘోటేను సృష్టించాడు. పై అధికారి అరుపులకు జంకుతూ పనిచేసే ఆ ఘోటే నాకిష్టమే. కానీ ఘోటే స్టేషన్లో ఏ వాసన వస్తుందో నాకు తెలియలేదు.

మీకు ఆ వాసన తెలిసిన మనిషి ఉన్నారు. రెండు నెలలుగా ఇంట్లో కూర్చుని ఒంట్లో బాగలేదంటున్నారు.

ఇక ఏం చేయాలో చెబుతాను. ఫోన్ చేయొద్దు, పోండి. మీరు, ఆ కుర్రాడు, ఇద్దరే. ఆరుగురూ పోతే పంచాయితీకి వచ్చినట్టుంటుంది. ఆదివారం పొద్దున పోండి, దారిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కట్టించుకుని. కుర్రాడు క్షమాపణ చెప్పాలా అని అడుగుతారేమో. చెప్పాలి, కానీ పెద్ద మాటలొద్దు. "సార్, ఆరోజు మీరు స్టేషన్ రైటర్ గురించి అడిగినారని మాకు తెలీలేదు. పుస్తకం రాసినాయన అనుకున్న్యాం" అని ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. కొట్టడం మాట గురించి ఆయనే ఎత్తితే వినండి. ఆయన ఏం చెప్పినా, మధ్యలో సర్దిచెప్పవద్దు. ఆయన చూసిందేదో, చేసిందేదో, చేయనిదేదో మీకు చెప్పాలనిపిస్తే చెబుతారు. ఎత్తకపోతే మీరు తవ్వకండి.

ఒక జాగ్రత్త. "మీ కేసులు చెప్పండి సార్" అని మాత్రం అడగవద్దు. అందరూ అదే అడుగుతారు. ఆ కేసుల్లోని మనుషులు ఇంకా ఇదే జిల్లాలో ఉంటారు, కొందరు ఆయన వీధిలోనే ఉండొచ్చు. కేసు అడిగితే ఆయన ముడుచుకుంటారు, లేదంటే వీరగాథ చెబుతారు. పని అడగండి. రాత్రి డ్యూటీలో డైరీ ఎన్ని గంటలకు మూస్తారు, కొత్త ఎస్సై వచ్చిన రోజు రైటరు మొదట చూపించే రిజిస్టరు ఏది, సంఘటన జరిగిన చోట రక్తం అంటిన మట్టితో పాటు పక్కనుంచి మామూలు మట్టి కూడా వేరే పొట్లంలో ఎందుకు కడతారు. ఈ మూడోది అడిగితే ఆయన ముఖం మీరే చూస్తారు. ఆ రెండో పొట్లం మర్చిపోయి, రక్తం కానిది ఎలా ఉంటుందో పోల్చి చూపించడానికి లేక ఇబ్బంది పడ్డ కేసులు కోర్టులో నేను చూశాను.

తర్వాతి సమావేశానికి బెక్ నవలల్లో మొదటిది, 1965లో వచ్చిన 'రోజానా' పెట్టుకోండి. స్వీడన్లో పడవలు తిరిగే ఒక కాలువ. పూడిక తీసే యంత్రం బకెట్లో ఒక స్త్రీ శవం వస్తుంది. ఒంటి మీద బట్ట లేదు, పేరు లేదు, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు లేరు. ఆమె ఎవరో తెలియడానికే నెలలు పడుతుంది. ఆ పడవలో ప్రయాణించినవాళ్ళు దేశదేశాల్లో ఉంటే, వాళ్ళు తీసుకున్న ఫొటోలు తెప్పించి, ఒక్కొక్క ఫొటోలో వెనక నిలబడ్డ ముఖాలు చూస్తారు. ఏ మెరుపూ లేదు. మొండిగా, నెమ్మదిగా, ఒక పేరు లేని మనిషికి పేరు తిరిగి ఇవ్వడం ఆ నవల.

చదివాక ఏఎస్సై గారికి ఒక పని అప్పజెప్పండి. సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా పోయే మన కె.సి. కాలువలో కూడా ఒకప్పుడు పడవలు తిరిగాయి. రోజానా ఆ కాలువలో తేలిందనుకోండి. మొదట చూసిన రైతు ఎవరికి చెబుతాడు? శవం ఏ స్టేషను పరిధిలోకి వస్తుంది? ఇన్నాళ్ళూ అందరూ '174' అని పిలిచి, ఇప్పుడు కొత్త చట్టంలో 194 అయిన ఆ అనుమానాస్పద మరణం కేసులో మొదటి వాక్యం రైటరు ఏమని రాస్తాడు? 'గుర్తుతెలియని మహిళ, వయస్సు సుమారు...' దగ్గర ఎంత వేస్తాడు, ఎవర్ని అడిగి వేస్తాడు? శవ పంచనామాకు పంచాయతీదారులుగా ఎవరు దొరుకుతారు? ఆడమనిషి శవం దగ్గర ఎవర్ని నిలబెడతారు? ఆయన చెబుతుంటే టీచరమ్మనో మిమ్మల్నో రాసుకోమనండి. కుర్రాడు కంప్యూటర్లో ఎక్కిస్తానంటే వద్దనండి, మొదటిసారి చేత్తోనే రాయమనండి. అతనికి ఆ చెయ్యి నొప్పి తెలియాలి.

ఆయన రానంటే బలవంతం చేయవద్దు. పుస్తకం అక్కడ పెట్టి రండి, కరెల్లాదో బెక్‌దో కాదు, రీబస్ రిటైరైనది. కుర్చీ మాత్రం తీయకండి. మీ ఆరో కుర్చీ ఇంకొకరికి ఇచ్చారని తెలిస్తే ఆయన ఇక రారు.

వస్తే, కాలువ పంచనామాలో మొదటి వాక్యం ఆయన ఎలా చెప్పారో నాకు రాసి పంపండి. ఇన్నేళ్ళు అలాంటి కాగితాలు కట్టలు కట్టాను. అది పుట్టేటప్పుడు ఎలా ఉంటుందో ఎప్పుడూ వినలేదు.